పేజీ నేర్పిన గీత

అల్లూరి సీతారామరాజు కుటుంబం 1918 దాకా తునిలోనే ఉంది. ఆ సంగతి ఊళ్లో పెద్దవాళ్లకి గుర్తు. పిల్లలకి గుర్తున్నది ‘ఆర్‌ఆర్‌ఆర్’లో రామ్‌చరణ్. 2022 అక్టోబరు 21న ఆ సినిమా జపాన్‌లో విడుదలై ఏడాది పైబడి ఆడింది. చూసినవాళ్లు చూసి ఊరుకోలేదు. రాజునీ భీమ్‌నీ తమ మాంగా (జపాన్ బొమ్మల కథల) పద్ధతిలో, పెద్ద కళ్లతో, గాలికి లేచిన జుట్టుతో బొమ్మలు గీసి ఒకరికొకరు పంచుకున్నారు. అక్కడివాళ్లు మన వీరుణ్ణి తమ గీతలోకి దించుకుంటుంటే, ఇక్కడ తునిలో హైస్కూలు పిల్లలు నోటుబుక్కుల వెనక పేజీల్లో జపాన్ బొమ్మల వీరులు నరుటోని, గోకూని దించుకుంటున్నారు. ఆ పేజీ చూసిన పెద్దాయన ఎవరైనా సరే, అడిగే మాట ఒకటే: “మనకి బాపు లేడా, వడ్డాది పాపయ్య లేడా, ఈ జపాను కళ్లెందుకురా నీకు?”

అడగదగిన ప్రశ్నే. మన పిల్లలకంటే ముందు ఇదే ప్రశ్న పడ్డవాళ్లు అమెరికా కామిక్స్ చిత్రకారులు. నాలుగు దశాబ్దాలకు పైగా వాళ్లలో ఒక వర్గం జపాన్ పద్ధతి పట్టుకుని గీస్తోంది. వెక్కిరింపులు పడింది, ఒక దశలో డబ్బు కళ్లజూసింది, నమ్ముకున్న కంపెనీ తలుపు మూస్తే రోడ్డున పడింది, చివరికి అమెరికా కామిక్స్ ముఖమే మార్చేసింది. ఆ దారిని ఒకసారి వెనుదిరిగి చూడాలి. కాకపోతే బయల్దేరాల్సింది న్యూయార్కు నుంచి కాదు, రాజమండ్రి నుంచి.

1909 నుంచి 1919 దాకా రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా బొమ్మలు వేసే మనిషి. గోదావరి గట్టున కుర్రాళ్లను వెంటేసుకుని తిరుగుతూ, వాళ్ల చేతుల్లో ఏముందో కనిపెట్టాడు. ఆ కుర్రాళ్లలో ఒకడు దామెర్ల రామారావు. సీతారామరాజు పుట్టిన 1897లోనే పుట్టాడు. కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్లో చదివి వచ్చి, రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో మశూచితో పోయాడు. ఒక ఇంగ్లీషు దొర చూపు, బొంబాయి స్కూలు శిక్షణ, గోదావరి ఆడవాళ్ల నడక, ఈ మూడూ కలిస్తేనే ఆయన బొమ్మ. అందులో పరాయిదేదో విడదీయమంటే ఎవరి తరమూ కాదు.

ఇంకొక కుర్రాడు అడివి బాపిరాజు. ఈయన దగ్గరే జపాన్ మనకు మొదటిసారి తగులుతుంది. 1902లో ఒకకురా కకుజో అనే జపాన్ కళాపండితుడు కలకత్తా వచ్చి టాగోర్ల ఇంట్లో చనువు సంపాదించాడు. మరుసటేడు ఆయన పంపగా యొకొయామా తైకాన్, హిషిదా షున్‌సో అనే ఇద్దరు చిత్రకారులు వచ్చారు. తైకాన్ నీళ్లతో కాగితాన్ని తడిపి తడిపి రంగును పలచన చేసే తీరు అవనీంద్రనాథ్ టాగోర్ దగ్గరుండి చూశాడు. బెంగాల్ చిత్రకళలో ఆ మంచు కప్పినట్టుండే వాష్ పద్ధతి పుట్టింది అలాగే. అదే బడిలో తయారైన ప్రమోద్‌కుమార్ చటర్జీ బందరు జాతీయ కళాశాలకు వచ్చి తెలుగు పిల్లలకు నేర్పాడు. బాపిరాజు ఆయన శిష్యుడు. అంటే టోక్యో కుంచె కలకత్తా మీదుగా, బందరు మీదుగా 1920ల నాటికే గోదావరి డెల్టాకు చేరిపోయింది. ఇవాళ బాపిరాజు బొమ్మ ముందు నిలబడి ‘ఇది జపాన్’ అనేవాడు ఒక్కడూ లేడు. పెద్దాయన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. మిగతా సగం కోసం సముద్రం దాటాలి.

1947 జనవరిలో ఒసాకాలో వైద్యం చదువుతున్న పద్దెనిమిదేళ్ల తెజుకా ఒసాము గీసిన ‘షిన్ తకరజిమా’ అనే బొమ్మల కథ వచ్చింది. యుద్ధంలో మాడి మసైన దేశంలో అది లక్షల్లో అమ్ముడైంది. అదే ఏడు జులైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి ‘చందమామ’ తెచ్చారు. రెండు దేశాల్లో పిల్లల బొమ్మలకు ఒకే ఏడు కొత్త పుట్టుక రావడం యాదృచ్ఛికమే కావచ్చు. ఆ రెండు బళ్లూ తర్వాత పట్టిన దారులు మాత్రం బొత్తిగా వేరు. అందులో ఎవరి ప్రతిభ లోపమూ లేదు. కారణం తర్వాత చెబుతాను.

తెజుకా గురువులు ఎవరు? వాల్ట్ డిస్నీ సినిమాలు, బెటీ బూప్ బొమ్మలు తీసిన ఫ్లైషర్ సోదరులు. ‘బాంబి’ని పదేపదే చూసి, 1952లో దాన్ని మాంగాగా కూడా గీశాడు. మన పెద్దాయన ‘జపాను కళ్లు’ అంటున్నవి మొదట అమెరికా కళ్లే. తెజుకా వాటిని తెచ్చుకుని, వాటిలో నీళ్లు తిప్పాడు, భయం పెట్టాడు, చావు పెట్టాడు. 1963 జనవరి 1న ఆయన ‘ఆటమ్’ జపాన్ టీవీలోకి ఎక్కింది. ఆ ఏడాదే ‘ఆస్ట్రో బాయ్’ అనే పేరుతో అమెరికా చేరింది. తమ ఇంటి కళ్లే తిరిగొచ్చాయని అక్కడి పిల్లలెవరూ అనుకోలేదు.

ఆ పిల్లల్లో ఒకరు వెండీ పినీ. 1978లో భర్త రిచర్డ్‌తో కలిసి ‘ఎల్ఫ్‌క్వెస్ట్’ మొదలుపెట్టింది. ఎల్ఫులనే అడవి జాతి వీరుల కథ. పెద్ద కళ్లు, సన్నని ఒళ్లు, ఆడదీ మగవాడూ ఒకేలా మెత్తగా ఉండే ముఖాలు. పెద్ద కంపెనీల మీద ఆధారపడకుండా మొగుడూ పెళ్లాలే అచ్చేసి అమ్ముకున్నారు. తన చేతిలో తెజుకా ఉన్నాడని ఆమె ఎప్పుడూ దాచలేదు. నా లెక్కలో అమెరికా మాంగా చరిత్రకు మొదటి పేజీ ఆమెదే. చరిత్ర రాసేవాళ్లు మాత్రం సాధారణంగా ఫ్రాంక్ మిల్లర్‌తో మొదలుపెడతారు. సూపర్‌హీరోలు గీసిన మగవాడికి దొరికే పీట, ఎల్ఫులు గీసిన ఆడమనిషికి దొరకలేదన్నమాట.

మిల్లర్ గొప్పతనం తక్కువేం కాదు. 1983లో డీసీ కంపెనీ కోసం ‘రోనిన్’ గీసినప్పుడు ఆయన ముందున్నది కొజిమా గోసెకి గీసిన ‘లోన్ వుల్ఫ్ అండ్ కబ్’. మాటలు లేని పేజీలు, కత్తి దూసిన తర్వాత నిశ్శబ్దం, బరుకు గీత. ఆ ఏడాదే ఫ్రెడరిక్ షాట్ రాసిన ‘మాంగా! మాంగా!’ అనే పుస్తకం వచ్చి, ఇదంతా ఎక్కడి నుంచి వస్తోందో ఇంగ్లీషు పాఠకులకు మొదటిసారి విడమరిచి చెప్పింది. 1987లో ‘లోన్ వుల్ఫ్’ ఇంగ్లీషులో వచ్చినప్పుడు అట్టబొమ్మలు మిల్లరే వేశాడు. శిష్యుడు గురువు పుస్తకానికి అట్టవేసి అమ్మిపెట్టడం కామిక్స్‌లో అరుదు.

అదే 1987లో విజ్ అనే కంపెనీ ఎక్లిప్స్‌తో కలిసి మూడు జపాన్ కథల్ని ఒకేసారి అమెరికా అంగళ్లకు దించింది. మరుసటేడు మార్వెల్ వాళ్ల ఎపిక్ విభాగం ‘అకిరా’ను తెచ్చింది. జపాన్ చిత్రకారుడు ఓటొమో నలుపు తెలుపుల్లో గీసిన ఆ కథకు స్టీవ్ ఓలిఫ్ కంప్యూటర్‌తో రంగులు వేశాడు. జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకు చదవాలి కాబట్టి అమెరికా ప్రచురణకర్తలు పేజీల్ని అద్దంలో చూసినట్టు తిరగేసి అచ్చువేసేవారు. దాంతో సమురాయిలందరూ ఎడమచేతి వాటం వాళ్లయిపోయారు! ఆ తిరగేసిన పేజీలు చూసి నేర్చుకున్న తరం ఒకటి అమెరికాలో తయారైంది.

ఆ తరంలో బెన్ డన్ టెక్సస్‌లోని సాన్ ఆంటోనియోలో, ఆంటార్కిటిక్ ప్రెస్ అనే చిన్న సంస్థ నుంచి ‘నింజా హైస్కూల్’ తెచ్చాడు. ఆడమ్ వారెన్ 1988లో టోరెన్ స్మిత్‌తో కలిసి జపాన్ రచయిత తకాచిహో సృష్టించిన ‘డర్టీ పెయిర్’ పాత్రలను అనుమతి తీసుకుని ఇంగ్లీషులోనే కొత్తగా గీశాడు. వీళ్ల తొలి బొమ్మల్లో అనుకరణ తప్ప ఇంకేమీ లేదనడం అన్యాయం కాదు. చెమట చుక్క, ముక్కు రక్తం, కోపం వస్తే తల పెద్దదవడం, అన్నీ ఉన్నదున్నట్టు దించేశారు. కానీ ఆడమ్ వారెన్ పదేళ్లు గీసేసరికి ఆ గీత అతని సొంత గీతయింది. ఆ పదేళ్లు అతనికి దొరకడమే అసలు విషయం. 1984లో ‘నింజా టర్టిల్స్’ అనే నలుపు తెలుపు పుస్తకం విరగబడి అమ్ముడైంది. అప్పట్నించి కామిక్స్ దుకాణాలు ఊరూ పేరూ లేని చిన్న పుస్తకాలను కూడా తెప్పించి అరలో పెట్టేవి. రంగుల ఖర్చు లేదు, అమ్ముడుపోని ప్రతుల్ని వెనక్కి పంపే పద్ధతి లేదు. అలాంటి చోట చెడ్డగా మొదలుపెట్టి మంచిగా తేలే వీలుంటుంది.

ఇంతలో స్కాట్ మెక్‌క్లౌడ్ వచ్చాడు. 1984లోనే తన ‘జాట్!’లో జపాన్ వాసన చూపించిన ఈయన, 1993లో ‘అండర్‌స్టాండింగ్ కామిక్స్’ అనే పుస్తకం గీశాడు. రాశాడని అనడం లేదు, గీశాడనే అంటున్నాను. కామిక్స్ గురించి కామిక్స్‌లోనే చెప్పాడు. ఒక గడికీ పక్క గడికీ మధ్య ఏం జరుగుతుందో లెక్కలు కట్టాడు. అమెరికా కామిక్స్‌లో ఒక గడిలో గుద్దు, పక్క గడిలో పడిపోవడం. అంటే పని మీద పని. తెజుకా వారసుల్లో మాత్రం ఏ పనీ జరగని గడులు కనిపిస్తాయి. ఒకే క్షణంలో చూరు నుంచి కారే నీళ్లు, కిటికీ, ఎవరివో చెప్పులు. కథ కదలదు, కన్నే తిరుగుతుంది. జపాన్ పద్ధతి కళ్ల సైజులో లేదనీ, కాలాన్ని ఖర్చుపెట్టే తీరులో ఉందనీ అమెరికా చిత్రకారులకు ఆయన తేల్చిచెప్పాడు.

తెజుకా దారి, ‘చందమామ’ దారి వేరవడానికి ఇందాక దాచిన కారణం ఇప్పుడు చెబుతాను. 1959 మార్చిలో జపాన్‌లో పిల్లల కోసం రెండు వారపత్రికలు ఒకేసారి మొదలయ్యాయి. తర్వాత వచ్చిన ‘షోనెన్ జంప్’ 1994 చివర్లో ఒక సంచికకు 65 లక్షల ప్రతులు దాటింది. చవక కాగితం, ఒకే రంగు సిరా, టెలిఫోన్ డైరెక్టరీ అంత లావు. ఒక్కో కథకు వారానికి ఇరవై పేజీలు. నెలకు ఎనభై పేజీలు చేతిలో ఉన్నవాడు చూరు నీళ్లకు రెండు పేజీలు ఇవ్వగలడు. అమెరికా చిత్రకారుడికి నెలకు దొరికేది రంగుల్లో ఇరవై రెండు పేజీలు. అందులోనే విలన్ రావాలి, ఓడాలి, వచ్చే నెలకు ముడి మిగలాలి. అందుకే అమెరికావాళ్లు కళ్లను తెచ్చుకోగలిగారు, వేగపు గీతల్ని తెచ్చుకోగలిగారు, ఆ తీరికను మాత్రం తెచ్చుకోలేకపోయారు.

దీనికి పెద్ద సాక్షి జో మాదురేరా. 1994లో ఇరవయ్యేళ్లు నిండకుండానే మార్వెల్ వాళ్ల ‘అన్‌కానీ ఎక్స్‌మెన్’ చేతికొచ్చింది. వీడియో గేముల గీత, జపాన్ ముఖాలు, అమెరికా కండలు కలిపి కొట్టాడు. రెండేళ్లు తిరగకుండా సూపర్‌హీరోల పుస్తకాల్లో సగం అతనిలా కనిపించసాగాయి. 1998లో సొంతంగా ‘బ్యాటిల్ ఛేజర్స్’ పెట్టాడు. మూడేళ్ల పైచిలుకులో తొమ్మిది సంచికలే తెచ్చి, కథ సగంలో వదిలి గేముల పరిశ్రమకు వెళ్లిపోయాడు. చెయ్యి జపాన్‌ది, పేజీ అమెరికాది. రెండింటి మధ్య నలిగినది పాఠకుడు. 2002లో మార్వెల్ తన హీరోలందరినీ ‘మాంగావర్స్’ అనే వరసలో జపాన్ వేషంలో దింపింది. అది ఉత్త వేషమే. దాని గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

పేజీ సమస్యను తీర్చింది టోక్యోపాప్. 2002లో ఆ సంస్థ జపాన్ పుస్తకాల్ని తిరగేయకుండా, కుడి నుంచి ఎడమకే, జేబులో పట్టే సైజులో, పది డాలర్ల లోపు ధరకు మామూలు పుస్తకాల షాపుల్లో పెట్టింది. అప్పటిదాకా కామిక్స్ దుకాణం గుమ్మం తొక్కని అమ్మాయిలు షాపుల్లో నేల మీద కూర్చుని చదివారు. ఆ ఏడాదే కొత్తవాళ్ల కోసం పోటీ పెట్టి, ఇంగ్లీషులో గీసేవాళ్లకు నూట అరవై, నూట డెబ్బై పేజీల పుస్తకాలు ఇవ్వసాగింది. రష్యాలో పుట్టి కెనడాకు వలస వెళ్లిన స్వెత్లానా చ్మకోవా 2005లో ‘డ్రామాకాన్’ తెచ్చింది. ఒహైయోలో పుట్టి అర్జెంటీనాలో పెరిగిన ఫెలిపే స్మిత్ లాస్ ఏంజెలెస్ వీధుల కథ గీశాడు. తర్వాత అతను టోక్యో వెళ్లి, కొదాన్షా వాళ్ల పత్రికలో ‘పీపో చూ’ అనే సీరియల్‌ను నేరుగా జపాన్ పాఠకులకే గీశాడు. మాంగాను నేర్చుకున్న అమెరికావాడు మాంగా పుట్టింట్లోనే అన్నం తిన్నాడు. తిరిగొచ్చి 2014లో మార్వెల్‌కు కొత్త గోస్ట్ రైడర్‌ను తయారుచేసి ఇచ్చాడు.

అయితే ఆ ఒప్పందాల్లో ఒక మెలిక ఉంది. కథ హక్కులో కంపెనీకి వాటా. 2011లో టోక్యోపాప్ అమెరికాలో ప్రచురణ ఆపేసినప్పుడు సగంలో ఉన్న కథల్ని వేరే చోటికి తీసుకెళ్లడం చాలామందికి కుదరలేదు. అదే కాలంలో హక్కు చేజార్చుకోని కెనడా కుర్రాడు బ్రయాన్ లీ ఓమాలీ 2004 నుంచి 2010 దాకా ‘స్కాట్ పిల్‌గ్రిమ్’ ఆరు పుస్తకాలూ పూర్తిచేసి, సినిమా కూడా చూసుకున్నాడు. అతని బొమ్మల్లో జపాన్ ఎక్కడ మొదలై టొరంటో ఎక్కడ ముగుస్తుందో చెప్పడం కష్టం. 2005లో టీవీకొచ్చిన ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ నాటికి ఇక ఆ గొడవే మిగల్లేదు. అమెరికాలో పుట్టిన పిల్లకు పెద్ద కళ్లు అమెరికావే.

ఇప్పుడు మన పేజీ దగ్గరకు రావాలి. ‘చందమామ’లో చిత్ర, శంకర్, ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్య... ఎవరి చెయ్యీ తెజుకా చేతికి తీసిపోదు. కానీ వాళ్లకు దొరికిన పేజీ ఎలాంటిది? పైన బొమ్మ, కింద కథ. భుజాన శవంతో, చేత కత్తితో నడిచే విక్రమార్కుణ్ణి శంకర్ గీస్తే ఆ ఒక్క బొమ్మలోనే శ్మశానం, చీకటి, పట్టుదల అన్నీ పట్టాలి. రెండో గడి లేదు. మద్రాసు రైళ్లలో తుని స్టేషన్‌లో దిగిన ఆ సంచికలు చూసి పెరిగిన తరాలు బొమ్మంటే నిలిచి చూసేదని నేర్చుకున్నాయి. అది లోపం కాదు, ఇంకొక విద్య.

ఆ విద్యలో పరమావధి బాపు. 1933లో నరసాపురంలో పుట్టి, పన్నెండేళ్లకే ‘బాల’ పత్రికలో బొమ్మ చూసుకున్నాడు. ధవళేశ్వరం వాడైన ముళ్లపూడి వెంకటరమణ తొలి కథా 1945లో ‘బాల’లోనే వచ్చింది. ‘బాల’ నడిపిన రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు పిల్లల చేతికి పేజీ ఇవ్వడం వల్ల మనకు దక్కిన జంట ఇది. వారపత్రికలు బాపుకు ఇచ్చింది కథకో బొమ్మ, పైన కథ పేరు. ఆ జానెడు చోటు కోసం ఆయన గీతను చెక్కీ చెక్కీ, జడ చివర ఒక్క విసురులో ఇంటి గుట్టంతా చెప్పే దశకు తెచ్చాడు. కథను గడులు గడులుగా నడిపే ఆయన శక్తి అచ్చులో పూర్తిగా బయటపడే చోటే లేకపోయింది. అది సినిమాకు పోయింది. 1967లో పులిదిండిలో తీసిన ‘సాక్షి’తో దర్శకుడైన బాపు షాటు షాటుకూ బొమ్మ వేసుకుని తీశాడన్నది లోకానికి తెలిసిందే. ఆ స్టోరీబోర్డులు చూసినప్పుడల్లా నాకనిపిస్తుంది: తెలుగులో రావలసిన గొప్ప మాంగా అదే, అచ్చు పేజీ లేక తెర మీదికి వెళ్లిపోయిందని.

ఇక ఇవాళ. ‘చందమామ’ 2013 వచ్చేసరికి ఆగిపోయింది. యూగో సాకో, రామ్‌మోహన్‌లు కలిసి తీసిన జపాన్ రామాయణం యానిమేషన్ 1993 నాటిది. 2025 జనవరి 24న తెలుగులో కూడా హాళ్లకొచ్చింది. దాని కొత్త రూపానికి పెద్దదిక్కుగా ఉన్నది మన కొవ్వూరు వాడైన విజయేంద్రప్రసాద్. అదే ఏడు సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ సినిమా తెలుగు మాటలతో ఆడింది. పిల్లలకు ఆ కళ్లు పరాయివి కావు, ఎందుకంటే ఆ నోళ్లు తెలుగు మాట్లాడుతున్నాయి. 1978లో వెండీ పినీ ఎక్కడ నిలబడిందో తుని పిల్లలు ఇప్పుడక్కడ నిలబడ్డారు. తేడా ఒక్కటే: ఆమె దగ్గర సొంతంగా అచ్చేసి అమ్ముకునే దారి ఉంది, వీళ్ల దగ్గర నోటుబుక్కు వెనక పేజీ ఉంది.

కాబట్టి పెద్దాయనతో నాకు తగాదా లేదు; నా మనవి పత్రికలవాళ్లకు. ఆదివారం అనుబంధంలో వారానికి రెండు పేజీలు, నలుపు తెలుపుల్లోనే చాలు, ఒక జిల్లా పిల్లకో పిల్లాడికో ఒకే కథ కోసం ఆరు నెలలు వరసగా ఇవ్వండి. కళ్లు ఎంత పెద్దగా గీస్తారో పట్టించుకోకండి. మొదటి రెండు నెలలు అనుకరణే వస్తుంది, ఓర్చుకోండి. పారితోషికం ఎంతైనా ఇవ్వండి, కథ మీద హక్కు మాత్రం గీసినవాళ్ల పేరునే ఉంచండి.